పట్టాలో పేరు లేని ఇల్లాలు



160 ఎకరాల భూమి ఊరికే ఇస్తాం, వచ్చి దున్నుకోండి అని ప్రభుత్వం చాటింపు వేస్తే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు చెప్పండి? అమెరికాలో సరిగ్గా అలాగే జరిగింది. 1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారు గానీ, కుటుంబానికి పెద్ద అయినవారు గానీ ప్రభుత్వ భూమిలో 160 ఎకరాల దాకా కోరుకోవచ్చు. రుసుములన్నీ కలిపితే పద్దెనిమిది డాలర్లు. అయితే ఒక షరతు ఉంది. ఆ నేల మీద ఇల్లు వేసుకుని ఐదేళ్ళు కాపురం ఉండాలి, సాగు చెయ్యాలి. ఆరునెలలకి మించి వదిలిపెట్టిపోతే భూమి మళ్ళీ సర్కారుదే. ఐదేళ్ళూ గడిచాక ఇద్దరు సాక్షులు వచ్చి, అవునండీ, వీరు అక్కడే ఉన్నారు, మేం చూశాం అని చెబితే అప్పుడు పట్టా చేతికొస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెళ్ళికాని స్త్రీ తన పేరున భూమి తీసుకోవచ్చు. భర్త పోయిన ఆవిడా తీసుకోవచ్చు. ఆ రోజులకి అది గొప్ప సంగతే. భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలికి మాత్రం వీల్లేదు. కుటుంబానికి పెద్ద ఆయన కదా, అంచేత పట్టా ఆయన పేరునే. చట్టం అడిగిందేమో కాపురం. పొయ్యి వెలిగించి, నీళ్ళు మోసి, ఐదేళ్ళపాటు ఆ ఇంట్లో దీపం ఆరకుండా చూసింది ఎవరయ్యా అంటే, కాగితంలో పేరు లేని మనిషి.

అలాంటి ఒక ఇల్లాలి కథ ఇవ్వాళ చెబుతాను. ఆవిడ పేరు కరొలైన్ ఇంగల్స్. ఆవిడ రెండో కూతురు లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన పిల్లల నవలలు మీలో చదువుకున్న పిల్లలున్న తల్లులకి తెలిసే ఉంటాయి. ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ అని టీవీలో కూడా 1974 నుంచి 1983 దాకా వచ్చింది. నవలల్లో నాన్న ఫిడేలు వాయిస్తాడు, కథలు చెబుతాడు, కొత్త చోటికి పోదామంటాడు. పిల్లలకి నాన్నే ఇష్టం. అమ్మ మాత్రం వెనకాల ఎక్కడో రొట్టె చేస్తూ ఉంటుంది. నాకేమో ఆ రొట్టె చేసే ఆవిడ మీదే దృష్టి.

కరొలైన్ 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్‌లో పుట్టింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే తండ్రి పడవ ప్రమాదంలో పోయాడు. తల్లి కష్టపడి పిల్లల్ని పెంచింది. ఈవిడ చదువుకుని, పెళ్ళికి ముందే బడిపంతులమ్మగా పనిచేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. 1860లో చార్ల్స్ ఇంగల్స్‌ని పెళ్ళాడింది. ఆయనకి కాలు ఒకచోట నిలవదు. ఊరు కాస్త నిండితే చాలు, ఇంకా పడమటికి పోదామంటాడు. మంచివాడే, కష్టజీవే. కానీ ఇల్లు సర్దుకున్న ప్రతిసారీ మళ్ళీ మూట కట్టమంటే ఆడదానికి ఎలా ఉంటుందో మనకి తెలియదా? అద్దె ఇల్లు మారితేనే ఆరునెలలు గిన్నె కనపడదు, గరిట కనపడదు.

1869లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఇద్దరు చంటిపిల్లలతో గుడ్డకప్పు బండిలో కాన్సాస్ చేరింది. ప్రెయిరీ అంటే గడ్డి సముద్రం అనుకోండి. కనుచూపుమేరా గడ్డే. చెట్టన్నది వాగుల పక్కన తప్ప లేదు. అక్కడ భార్యాభర్తలిద్దరే దుంగలతో ఇల్లు లేపారు. ఒక దుంగ జారి కరొలైన్ కాలి మీద పడి చీలమండ వాచిపోయిందని లారా రాసింది. ఆ కాలితోనే ఆవిడ వంట చేసింది. పక్కింటివాళ్ళు అంటే మైళ్ళ దూరం.  నీళ్ళు వాగునుంచి, తరవాత తవ్వుకున్న బావినుంచి. పంపు తిప్పితే నీళ్ళు రానిరోజు మనం చేసే గోల తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ ఇంట్లోనే 1870 ఆగస్టు 3న మూడో పిల్ల కేరీ పుట్టింది. నవలలో ఈ పురుడు లేదు. కేరీ చంటిపిల్లగా బండిలోనే వచ్చినట్టు రాశారు. పిల్లల పుస్తకం కాబట్టి అలా రాసి ఉండచ్చు. అసలు సంగతేమిటంటే, నిండు నెలల మనిషి ఆ గడ్డిబీట్లో పురుడు పోసుకుంది. ఇంటిల్లిపాదికీ చలిజ్వరం వచ్చి మంచినీళ్ళు ఇచ్చే మనిషి కూడా లేక పడి ఉన్నారట. వాళ్ళని కాపాడింది డాక్టర్ జార్జి టాన్ అనే నల్లజాతి వైద్యుడు. ఆయన క్వినైన్ ఇచ్చాడు. జ్వరం దేనివల్ల వచ్చిందో అప్పటికి ఎవరికీ తెలియదు. పుచ్చకాయలు తిన్నందుకని కొందరు, రాత్రి గాలివల్లనని కొందరు. ఆ రహస్యం మన సికింద్రాబాదులో బయటపడింది సుమండీ. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఇక్కడే. అప్పటికి కేరీకి ఇరవయ్యేడేళ్ళు నిండాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వాళ్ళు ఇల్లు కట్టుకున్న నేల ఖాళీ నేల కాదు. అది ఓసేజ్ జాతివారిది. 1870 జనాభా లెక్కలు రాసిన ఉద్యోగి కూడా ఆ భూములు ఓసేజ్‌లవనీ, వచ్చినవాళ్ళకి హక్కు లేదనీ కాగితంలో రాశాడు. అయినా తెల్లవాళ్ళు వస్తూనే ఉన్నారు. చివరికి ఓసేజ్‌లే ఆ చోటు విడిచి, ఇప్పటి ఓక్లహోమా ఉన్నవైపు పోవలసివచ్చింది. నవలలో వాళ్ళు బారులు తీరి, పిల్లాజెల్లాతో గుర్రాల మీద వెళ్ళిపోతుంటే లారా గుమ్మంలో నిలబడి చూస్తుంది. వాళ్ళలోనూ ఇల్లాళ్ళున్నారు కదా, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులున్నారు కదా. కరొలైన్‌కి వాళ్ళంటే భయం, అయిష్టం. నవలలో ఆవిడ నోటి మాటలు ఇవాళ చదివితే మనసు చివుక్కుమంటుంది. 1935లో అచ్చయిన ఆ పుస్తకంలో, అక్కడ మనుషులే లేరు, ఇండియన్లు మాత్రం ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండేది. అంటే వాళ్ళు మనుషులు కారా అని 1952లో ఒకరు ప్రకాశకులకి ఉత్తరం రాశారు. లారా ఒప్పుకుంది. 1953 ముద్రణలో ఆ మాట మార్చారు. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘం వారు పిల్లల సాహిత్యానికి లారా పేరున ఇచ్చే బహుమతికి ఆ పేరే తీసేశారు. కరొలైన్ కష్టం నిజం, ఆవిడ కాపురం పెట్టిన నేల ఇంకొకరి కాపురం అన్నదీ నిజం. ఒకటి చెప్పి రెండోది మింగెయ్యడం నాకు నచ్చదు.

కాన్సాస్‌లో ఏడాదిన్నర గడిచిందో లేదో మళ్ళీ మూట. విస్కాన్సిన్‌లో తాము అమ్మిన పొలం తాలూకు బాకీ కొన్నవాడు తీర్చలేకపోయాడు. 1871లో వెనక్కి వెళ్ళారు. మళ్ళీ 1874లో మిన్నెసోటాలో వాల్‌నట్ గ్రోవ్ అనే ఊరు. అక్కడ మొదటి ఇల్లు ఏమిటనుకున్నారు? వాగు గట్టులో తొలిచిన గుంట. పైన కర్రలు పరిచి గడ్డివేళ్ళతో పెనవేసుకున్న మట్టిపెళ్ళలు కప్పారు. ఒకసారి ఎద్దు ఆ కప్పు మీదికి ఎక్కితే దాని కాలు ఇంట్లోకి దిగిందట! అలాంటి ఇంట్లో కూడా కరొలైన్ తన పద్ధతి తప్పలేదు. సోమవారం బట్టలు, గురువారం వెన్న చిలకడం, ఇలా ఒక్కొక్క వారానికి ఒక్కొక్క పని. చలికాలంలో గడ్డి లేక వెన్న పాలిపోతే కేరెట్ కోరి పాలల్లో కాచి వడకట్టి మీగడలో కలిపేది, వెన్న పచ్చగా కనబడాలని. తినేది ఇంట్లోవాళ్ళే. చూసే చుట్టాలు ఎవరూ లేరు. అయినా తెల్లటి వెన్న బల్లమీద పెట్టడానికి ఆవిడ మనసొప్పలేదు. పింగాణీ బొమ్మ ఒకటి ఉంటుంది నవలల్లో. గొర్రెలుకాచే అమ్మాయి బొమ్మ. ప్రతి కొత్త ఇంట్లోనూ దాన్ని బట్టలోంచి విప్పి అలమరలో పెడితేనే ఆ ఇల్లు ఇల్లయినట్టు లెక్క.

ఇహ మిడతల సంగతి. గోధుమ పొలం చూసుకుని, పంట వస్తుందిగదా అని అప్పు తెచ్చి రంపపు చెక్కలతో మంచి ఇల్లు కట్టాడు చార్ల్స్. 1875లో ఆకాశం మసకబారింది. మబ్బు అనుకున్నారు. మిడతల దండు. రాకీ కొండల మిడత అంటారు దాన్ని. పైరు, కూరమొక్కలు, చెట్ల ఆకులు అన్నీ నమిలేసింది. మొండికర్ర మిగల్లేదు. పోతూపోతూ నేలలో గుడ్లు పెట్టి పోయింది, అంటే వచ్చే ఏడూ ఆశ లేదు. అన్ని కోట్ల కోట్ల మిడతలు ఇప్పుడు ఏవీ అంటే ఒక్కటీ లేదు. 1902 తరవాత ఆ జాతి మిడత ప్రాణంతో ఎవరికీ కనపడలేదు.

చార్ల్స్ చిల్లుల బూట్లతో నూరు మైళ్ళకి పైగా తూర్పుకి నడిచి, ఇంకొకరి పొలాల్లో కోతకూలికి పోయాడు. ఇక్కడ కరొలైన్, పిల్లలు. నేను మొదట చెప్పిన కాపురం అంటే ఇదీ. మగవాడు కూలికి పోతే భూమిని అంటిపెట్టుకుని ఉండే మనిషి ఆవిడ. ఒకసారి గడ్డికి నిప్పంటుకుని ఎండు ముళ్ళపొదలు మండుతూ చక్రాల్లా ఇంటివైపు దొర్లుకొస్తే, తడి గోనెలతో కొట్టి కొట్టి ఆర్పింది. పొరుగాయన ఒకడు వచ్చి సాయం పట్టాడు గనక ఇల్లు దక్కింది. ఆ నవంబరులో చార్ల్స్ తన దగ్గర ఏమీ లేదని ప్రభుత్వం ముందు సంతకం పెట్టి, సాయంగా రెండు అర పీపాల పిండి తెచ్చుకున్నాడు. స్వాభిమానం గల మనుషులు. ఆ పిండితో రొట్టె చేసేటప్పుడు ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో.

ఆ పిండి వచ్చిన నెలలోనే, నవంబరు 1న, కొడుకు పుట్టాడు. ఫ్రెడ్డీ. ఆడపిల్లల తరవాత ఒక్క మగపిల్లాడు. తొమ్మిది నెలలు నిండి పదో నెల నడుస్తుండగా, 1876 ఆగస్టు 27న, ఊరు వదిలి పోతున్న దారిలో బంధువుల ఇంట్లో ఉండగా పోయాడు. నవలలన్నీ తిరగేసినా ఫ్రెడ్డీ కనపడడు. లారా ఆ పిల్లాణ్ణి కథలోకి రానివ్వలేదు. ఆ తరవాత ఐయోవాలో బర్ ఓక్ అనే ఊళ్ళో గడిపిన ఏడాదీ అంతే, నవలల్లో లేదు. అక్కడ వాళ్ళు ఒక హోటల్లో పనిచేశారు. ఊరూపేరూ తెలియని బాటసారులకి కరొలైన్ వండి వార్చింది. 1877లో నాలుగో ఆడపిల్ల గ్రేస్ అక్కడే పుట్టింది. ఆ ఊళ్ళో డాక్టరుగారి భార్య ఒకావిడ వచ్చి, మీకు ఇంతమంది పిల్లలు కదా, లారాని మాకు పెంపకానికి ఇవ్వండి అని అడిగింది. కొడుకుని పోగొట్టుకుని ఏడాది తిరిగిందో లేదో, చేతిలో డబ్బులేదు, ఒళ్ళో చంటిది. కరొలైన్ నవ్వుముఖంతోనే, మా అమ్మాయి లేకపోతే మాకు జరగదండీ అని చెప్పి పంపించింది. చివరికి అద్దె బాకీ తీర్చే దారిలేక ఒకరాత్రి బండి కట్టుకుని ఊరు దాటిపోయారు. ఇదంతా ‘పయొనీర్ గర్ల్’ అనే లారా స్వీయచరిత్రలో ఉంది. 1930లో రాస్తే అది 2014 దాకా పుస్తకంగా రాలేదు.

1879లో పెద్దపిల్ల మేరీకి జబ్బుచేసి కళ్ళు పోయాయి. నవలలో స్కార్లెట్ జ్వరం అని ఉంటుంది. మెదడుకీ దాని పొరలకీ వచ్చే వైరస్ వాపు అయి ఉంటుందని 2013లో వైద్యులు పరిశీలించి రాశారు. పద్నాలుగేళ్ళ పిల్ల, చురుకైన పిల్ల. ఆ యేడే డకోటా ప్రయాణం. చార్ల్స్‌కి రైలుమార్గం వేసేచోట లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. 1880 ఫిబ్రవరిలో డి స్మెట్ అనే కొత్త ఊరి దగ్గర 160 ఎకరాలకి ఆయన అర్జీ పెట్టాడు. ఐదేళ్ళ లెక్క మొదలయింది. కరొలైన్‌కి అప్పుడు నలభై ఏళ్ళు. నా వయసువాళ్ళకి ఆ మాట వింటే మోకాళ్ళు నొప్పెడతాయి.

మొదటి ఏడే కఠినమైన చలికాలం వచ్చింది. 1880 అక్టోబరు మధ్యలోనే మంచు తుఫాను మొదలు. ఊళ్ళో చార్ల్స్ కట్టిన దుకాణం కట్టడంలోకి మారారు. 1881 జనవరి తరవాత రైలు రానేలేదు, మళ్ళీ మే నెలలోనే వచ్చింది. బొగ్గు అయిపోయింది, కిరసనాయిలు అయిపోయింది, పిండి అయిపోయింది. ఎండుగడ్డిని చేతులతో మెలిపెట్టి కట్టెల్లా చేసి కాల్చారు. గడ్డి మంట ఎంతసేపు నిలుస్తుంది? అంచేత పగలంతా ఒకరు మెలిపెడుతూనే ఉండాలి, అరచేతులు కోసుకుపోయేవి. విత్తనాల గోధుమలు ఉంటే వాటిని కాఫీగింజల మరలో విసిరారు. మన పాత ఇళ్ళల్లో గోడకో బల్లకో బిగించి ఉండేది చూడండి, పొద్దున్నే గరగరమని తిప్పేవారం, అలాంటిదే. అందులో ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి రావాలంటే తెల్లారినప్పటినుంచీ రాత్రిదాకా తిప్పుతూనే ఉండాలి. చూపులేని మేరీ ఎక్కువగా ఆ పని పుచ్చుకుంది. దీపానికి చమురు లేకపోతే కరొలైన్ ఒక బొత్తాం తీసి, గుడ్డపీలికలో పెట్టి దారంతో చుట్టి, పీలిక కొస వత్తిలా పైకి లాగి, బండి ఇరుసుకి రాసే కందెన ఉన్న సాసరులో నిలబెట్టి వెలిగించింది. వత్తి చేసుకోవడం మనకి కొత్త కాదుగానీ, ఇరుసు కందెనతో దీపం ఎవరికి తోస్తుంది చెప్పండి!

నవలలో ఆ చలికాలం తల్లి, తండ్రి, నలుగురు పిల్లలే ఉన్నట్టుంటుంది. స్వీయచరిత్రలో ఇంకో యువదంపతులు కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ అమ్మాయి నిండుచూలాలు. అక్కడే పురుడొచ్చింది. అతగాడు పనికి చెయ్యి సాచేవాడు కాదు, తిండికి మాత్రం ముందుండేవాడు. మరో రచయిత అయితే ఆ కోపం నవలలో చూపించేదేమో, లారా వాళ్ళని తీసేసి ఊరుకుంది. కానీ లెక్క చూడండి. ఉన్న గోధుమలు కొలుచుకుని వండే ఆవిడకి ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక బాలెంతరాలి పథ్యం అదనం. తిండి చాలదని ఎవరినీ బయటికి పొమ్మనలేదు. క్రిస్మసుకి పంపిన పార్శిలు మే నెలలో వచ్చిన రైల్లో చేరింది. సంక్రాంతికి పంపిన అరిసెలు వైశాఖంలో అందినట్టు! వాళ్ళు మేలోనే క్రిస్మసు వంట చేసుకుని తిన్నారు.

ఇంతజరిగినా చార్ల్స్ కాలు నిలిచిందా? ఇంకా పడమటికి పోదామనే ఉంది ఆయనకి. కరొలైన్ కాదంది. ఇక్కడ బడి ఉంది, పిల్లలు చదువుకోవాలి, నేను ఇంక కదలను అంది. బడిపంతులమ్మగా పనిచేసిందన్నాను కదా, గుర్తుందా? జీవితంలో భర్తకి ఎదురు నిలిచి గెలిచిన మాట అదొక్కటే అనిపిస్తుంది నాకు. దాని ఫలితం మేరీకి దక్కింది. 1881లో ఐయోవాలోని వింటన్‌లో అంధుల కళాశాలలో చేరి, 1889లో చదువు పూర్తిచేసింది. ఫీజు డకోటా ప్రభుత్వం కట్టింది, దారిఖర్చులూ బట్టలూ ఇంటివాళ్ళవి. లారా బడిలో పాఠాలు చెప్పి సంపాదించి తల్లిదండ్రులకి ఇచ్చింది.

1886లో సాక్షులు వచ్చి చెప్పారు. భూమి చార్ల్స్‌దయింది. ఆ పొలంలో ఆయన ఐదు కాటన్‌వుడ్ చెట్లు నాటాడు, ఒకటి భార్యకి, నాలుగు నలుగురు ఆడపిల్లలకి. పట్టాలో పేరులేకపోయినా చెట్టు మాత్రం ఒకటి ఆవిడది. పొలం వాళ్ళని బతికించలేదు. వానలు సరిగా లేవు, అప్పులు. 1887లో చార్ల్స్ ఊళ్ళో ఇల్లు కట్టాడు, అందులోకి మారారు. ఆ రోజుల్లో జనాభా లెక్కల్లో ఇల్లాలి పేరు పక్కన వృత్తి దగ్గర ‘ఇల్లు చూసుకోవడం’ అని రాసేవారు. అంతే.

1902లో చార్ల్స్ పోయాడు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు కరొలైన్, మేరీ ఆ ఇంట్లోనే ఉన్నారు. తల్లి గదులు అద్దెకిచ్చి బాడుగ మనుషులకి వండింది. కూతురు చూపులేని చేతులతో గుర్రాలకి ఈగలు వాలకుండా కప్పే వలలు అల్లి అమ్మింది. కరొలైన్ 1924 ఏప్రిల్ 20న, ఎనభై నాలుగేళ్ళ వయసులో కన్నుమూసింది. లారా మొదటి నవల వచ్చింది 1932లో, అంటే తన గురించి రాసిన ఒక్క పుస్తకం కూడా ఆవిడ చూడలేదు.

తల్లి పోయిన మరుసటేడు, 1925లో, లారా మార్తా పెద్దమ్మకి ఉత్తరం రాసింది. అమ్మా మీరూ చిన్నప్పుడు ఏం చేసేవాళ్ళు, ఏం వండుకునేవాళ్ళు, ఆ వంటలు ఎలా చేసేవాళ్ళు, గుర్తున్నదంతా రాసి పంపు పెద్దమ్మా అని. పెద్దమ్మకి అప్పటికి ఎనభై ఏడేళ్ళు. ఓపిక చేసుకుని జవాబు రాసి పంపింది.